భయానికి 28 వేలు, సరదాకి రెండున్నరేళ్లు

ప్రశ్న: "నమస్తే సార్. మాది విజయనగరం. పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో పని. వయసు 33. జీతం చేతికి 42 వేలు వస్తుంది. ఇల్లు నాన్నగారు కట్టిందే, అద్దె లేదు. 2016 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోలు కారును 2022లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) లేదు. డ్యూటీకి రానూపోనూ రోజుకు 60 కిలోమీటర్లు. మొన్న రాత్రి వానలో నాతవలస దగ్గర గేదె అడ్డొచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేసి కారు జారుకుంటూ పోయింది. వెనక సీట్లో మా ఆవిడ, నాలుగేళ్ల పాప. గేదె పక్కకు తప్పుకోబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. విశాఖలో ఒక షాపువాళ్లు 16 అంగుళాల అలాయ్ వీల్స్, 195/60 టైర్లు, ముందు పెద్ద డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్క్ బ్రేకులు, అన్నీ కలిపి 1,45,000 అవుతుందన్నారు. కారు అమ్మితే 3,40,000 దాకా రావచ్చు. నాకు 2 లక్షల చీటీ ఉంది, 20 నెలలది, రిజిస్టరైన కంపెనీదే. ఏడు నెలలు కట్టాను. ఇప్పుడు పాడితే 1,60,000 వస్తుంది, ఆఖరిదాకా ఆగితే 1,90,000. బ్యాంకులో 70 వేలున్నాయి. అమ్మ గాజుల మీద 60 వేలు గోల్డ్ లోన్ ఉంది. చీటీ పాడేసి ఈ పని చేయించేద్దామనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే పెద్ద చక్రాలమీద ఎప్పటినుంచో మోజు కూడా ఉంది. ఏటి చెయ్యమంటారు?"

జవాబు: ఉత్తరం ఆఖర్లో మోజు సంగతి దాచకుండా రాశారు. దానివల్ల నా పని సగం తేలికైంది. చాలామంది సరదాని భద్రత పేరుతో చెబుతారు. మీ ఉత్తరంలో రెండు ఖర్చులు కలిసిపోయి ఉన్నాయి: ఒకటి ఆ రాత్రి పట్టుకున్న భయానిది, రెండోది ఎప్పటినుంచో ఉన్న మోజుది. షాపువాళ్లు రెండింటినీ ఒకే బిల్లులో కట్టేశారు. విడదీస్తే లెక్క వేరేగా వస్తుంది.

ఆ రాత్రి జరిగింది మళ్లీ చదవండి. చక్రాలు పట్టేశాయని మీరే రాశారు. అంటే మీ బ్రేకు చక్రాన్ని పూర్తిగా ఆపేసింది, దాని పని అది చేసింది. ఆగిన చక్రం తడి రోడ్డు మీద జారింది. రోడ్డును పట్టుకోవాల్సింది టైరు, అది పట్టుకోలేదు. ఇప్పుడు లక్ష పెట్టి ఇంకా బలమైన బ్రేకు బిగిస్తే ఏమవుతుంది? అదే టైరున్న చక్రం ఇంకా తొందరగా ఆగిపోయి జారుతుంది.

అందుకే టైరు పక్కన ఉండే అంకెల ఫోటో తీసి పంపమన్నాను. మీరు పంపిన నాలుగు ఫోటోల్లోనూ కోడిగుడ్డు ఆకారపు గడిలో 2317 అని ఉంది. మొదటి రెండంకెలు వారం, చివరి రెండంకెలు సంవత్సరం. అంటే 2017లో 23వ వారం, జూన్ నెల సరుకు. ఎనిమిదేళ్లు దాటిపోయాయి. మీరు కారు కొనేనాటికే అవి పాతబడ్డాయి, ఆ తరవాత మార్చలేదు. 'గాడులు ఇంకా బాగానే ఉన్నాయి కదా సార్' అని ఫోన్లో అన్నారు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు మార్చి తీరాలి, నిజమే. అయితే గాడి మిగిలి ఉన్నా రబ్బరు ఎండకి, ఏళ్లకి గట్టిపడిపోతుంది. గోరుతో నొక్కి చూడండి. కొత్త టైరు కొంచెమైనా మెత్తగా తగులుతుంది, మీది చెప్పు అట్టలా ఉంటుంది. అలాంటి రబ్బరు పొడి రోడ్డు మీద ఎలాగో నెట్టుకొస్తుంది, వాన పడితే చేతులెత్తేస్తుంది.

కాబట్టి భయానికి మందు కొత్త టైర్లు. మీ కారుకి కంపెనీ ఇచ్చిన సైజు 165/80 ఆర్14 (మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ము). మంచి బ్రాండువి ఒక్కోటి సుమారు 5 వేలు, నాలుగూ 20 వేలు. ముందు బ్రేక్ ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో షూలు మార్పించడానికి ఇంకో 5 వేలు. బ్రేక్ ఆయిల్ మార్చడం, డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించడం, వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కి ఒక 3 వేలు వేసుకోండి. మొత్తం 28 వేలు, అటూఇటూగా. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే మీరు ఆలోచనలో పడ్డారు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. మీరు ఎస్.కోట మీదుగా అరకు వెళ్తామన్నారు కనుక ఇది మీకు మరీ ముఖ్యం. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచి దిగకండి. సెకండ్ గేర్‌లో వేసి దింపండి, సగం భారం ఇంజనే మోస్తుంది. పైసా ఖర్చు లేదు.

ఇక షాపువాళ్ల ప్యాకేజీ. నేను మెకానిక్‌ని కాను. అయినా అంకెలు నా పని కనుక టైరు అంకెలు లెక్కేశాను. ఇప్పుడున్న టైరు అడ్డకొలత సుమారు 620 మిల్లీమీటర్లు. వాళ్లు చెప్పిన 195/60 ఆర్16 అయితే 640. మూడు శాతానికి పైగా పెద్దది. అది వేశాక మీటరు 80 చూపిస్తుంటే కారు ఇప్పటికన్నా రెండు కిలోమీటర్లకు పైగా ఎక్కువ వేగంతో పోతుంటుంది. టైరు మడ్‌గార్డ్ లోపల రాసుకునే అవకాశం ఉంది. బరువైన పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకుకి కష్టమూ ఎక్కువే. అంటే మీరు ముందు పెద్ద చక్రం కొని, దాన్ని ఆపడానికి పెద్ద బ్రేకు కొంటున్నారు. ఒక ఖర్చు ఇంకో ఖర్చును కనడం అంటే ఇదే.

వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి. ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని బ్రేకు బలాన్ని కంపెనీవాళ్లు ఆ డ్రమ్ములను దృష్టిలో పెట్టుకునే పంచి ఉంటారు. ఆ లెక్క చెడి వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుంది. ఏబీఎస్ లేని కారులో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. భద్రత కోసం డబ్బు పెట్టి ప్రమాదం తెచ్చుకున్నట్టవుతుంది.

చట్టం మాట కూడా వినండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, ఇలా మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. రోడ్డు మీద ఎవరో ఆపుతారన్నది నాకు అంత దిగులు కాదు. నా దిగులంతా ఇన్సూరెన్స్‌తో. చెప్పకుండా బ్రేకులు, చక్రాలు మార్పించి, రేపు ఏదైనా జరిగి క్లెయిం పెడితే, సర్వేయర్ మొదట చూసేది వాటినే. క్లెయిం తగ్గించడానికో, కొట్టేయడానికో వాళ్లకు మీరే దారి చూపించినట్టు.

ఇప్పుడు చీటీ. ఈ నెల పాడితే చేతికొచ్చేది 1,60,000. ఆఖరిదాకా ఆగితే 1,90,000. తొందరకు కట్టే ధర 30 వేలు. అంటే ఆ బ్రేకులు, చక్రాలు మీకు 1,45,000కి కాక 1,75,000కి పడుతున్నాయి. కారు విలువలో సగం! పాడినా మిగిలిన 13 వాయిదాలు ఎటూ తప్పవు. అమ్మేటప్పుడు ఈ ఖర్చులో ఎంత తిరిగొస్తుందో పాత కార్ల బేరగాణ్ణి అడిగి చూడండి. 'ఒరిజినల్ చక్రాలున్నాయా' అని ఎదురు ప్రశ్న వేస్తాడు. మీది రిజిస్టరైన కంపెనీ చీటీ అన్నారు కాబట్టే ఆగమంటున్నాను. అదే వీధి చీటీ అయ్యుంటే నా మాట వేరుగా ఉండేది. ఎంతకైనా పాడేసి, వచ్చింది బ్యాంకులో వేసుకోమనేవాణ్ణి.

28 వేలూ బ్యాంకులోని 70 వేలలోంచి తీయండి. అత్యవసరం కోసం దాచింది ఎందుకు తీయమంటున్నానని అడగొద్దు. రోజూ 60 కిలోమీటర్లు తిరిగే మనిషికి ఎనిమిదేళ్ల టైర్లకంటే అత్యవసరం ఏముంటుంది? మీరు విడిగా రాసి పంపిన లెక్క ప్రకారం ఇంటికి 18 వేలు, పెట్రోలుకి 8 వేలు, చీటీకి సగటున 9 వేలు, ఎల్ఐసీకి 2,500 పోగా నెలకు 4,500 మిగులుతోంది. గాజుల వడ్డీ కూడా ఇంటి ఖర్చులోనే చూపించారు. సరే.

ఆ 4,500లో మొదటి వాటా టర్మ్ పాలసీకి, అంటే మనిషి పోతేనే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమాకి. ఆ రాత్రి సంగతి చదివాక నాకు గుచ్చుకున్నది అదే. మీకు ఏమైనా అయితే ఆవిడకీ పాపకీ వచ్చేది ఎల్ఐసీ ఎండోమెంట్ పాలసీలోని 5 లక్షలు. ఏడాది జీతం అంతే కదా. 50 లక్షల టర్మ్ కవర్ మీ వయసుకి, పొగ అలవాటు లేకపోతే, నెలకు 700–800 లోపు దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. అలాగే కారు పాలసీ కాగితం తీసి, ఓనర్-డ్రైవర్‌కి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అందులో ఉందో లేదో చూడండి. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్లు దాన్ని తీయించేస్తుంటారు. మిగిలే 3,700 నెలనెలా బ్యాంకులో వేస్తే ఎనిమిది నెలల్లో 28 వేలూ పూడతాయి.

టైర్లు కొనే ముందు ఒక్క విషయం. అదే 2025 సెప్టెంబరు 22న టైర్ల మీద, కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మీ షాపువాళ్ల కొటేషన్‌లో ఇంకా 28 శాతమే ఉంది, గమనించారా? పాత ఫారం వాడారేమో. ఎక్కడ కొన్నా బిల్లు అడగండి, టైరు మీద వారం, సంవత్సరం అంకెలు చూసి మరీ బిగించుకోండి. మంచి డిస్కౌంటు ఇస్తున్నారంటే ఒక్కోసారి అది రెండేళ్లుగా గోడౌన్‌లో పడున్న సరుకు.

మోజు మాట మర్చిపోలేదు. నేను సరదాలు వద్దనే రకం కాదు, కాకపోతే వాటికీ ఒక ముహూర్తం చూస్తాను. మీ స్విఫ్ట్‌లోనే పై వేరియంట్ జెడ్‌ఎక్స్‌ఐకి కంపెనీ 15 అంగుళాల అలాయ్‌లు, 185/65 టైర్లు ఇచ్చింది. దాని అడ్డకొలత 621 మిల్లీమీటర్లు, మీ టైరుతో దాదాపు సమానం. మీటరు తప్పు చూపదు, మడ్‌గార్డ్‌కి రాసుకోదు, కంపెనీ ఆ మోడల్‌కి తనే ఇచ్చిన సైజు కూడా. చూడటానికి కారు నిండుగా కనిపిస్తుంది. మీకు కావలసింది అదే కదా! 16 మాత్రం వద్దు. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు తగ్గేకొద్దీ గొయ్యి దెబ్బ నేరుగా రిమ్ముకి తగులుతుంది. మా బావమరిది 16 అంగుళాలవి వేయించి, నెల తిరక్కుండా రాజాం రోడ్డులో ఒక గోతిలో దింపాడు. అలాయ్ పగిలింది. ఆ డిజైన్ విడిగా ఒకటి దొరక్క ఇప్పుడు ముందు రెండూ ఒక రకం, వెనక రెండూ ఇంకో రకం చక్రాలతో తిరుగుతున్నాడు. పెళ్లిళ్లకి వెళ్తే కారు కాస్త దూరంగా పెడతాడు.

ఇప్పుడే 15 వేయించకూడదా అంటారేమో. అలాయ్‌లు 25 వేలు, ఆ సైజు టైర్లు 23 వేలు, బ్రేకుల పని 8 వేలు కలిపి 56 వేలవుతుంది. బ్యాంకులో 14 వేలే మిగులుతాయి. పాపకి రాత్రిపూట జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేర్చాలంటే అడ్వాన్సుకి కూడా చాలవు. అందుకని ఈసారికి 14 అంగుళాల టైర్లే. నెలకు 1,300 కిలోమీటర్లు తిరిగితే 40 వేల కిలోమీటర్లకు రెండున్నరేళ్లు పడుతుంది. ఎలాగూ టైర్లు మార్చాల్సిన రోజు అదే, మీ 15 అంగుళాల ముహూర్తమూ అదే. 28 వేలు పూడిన మరుసటి నెలనుంచి 1,200తో పోస్టాఫీసులోనో బ్యాంకులోనో రికరింగ్ డిపాజిట్ మొదలుపెడితే అప్పటికి అలాయ్‌ల డబ్బు చేతిలో ఉంటుంది. వేయించాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. పాత ఇనుప చక్రాలు అటక మీద పడేయండి, అమ్మేనాడు పనికొస్తాయి.

ఆలోగా 13 నెలలకు చీటీ 1,90,000 వస్తుంది. అందులోంచి మొదట అమ్మగారి గాజులు విడిపించండి. షాపులో అడుగుపెట్టేది ఆ తరవాతే.

మీ ఫోటోల్లో స్టెప్నీ లేదు. డిక్కీ తెరిచి దాని మీది నాలుగంకెలూ చూడండి. అది కారుతోపాటు వచ్చిన 2016దే అయితే పంక్చర్ షాపు దాకా వెళ్లడానికి తప్ప నమ్ముకోవద్దు. గాలి మాత్రం ఈ ఆదివారమే పట్టించండి.