పీఎల్ఎఫ్ఎస్‌లో శిక్షణ పొందినవాళ్ల నిరుద్యోగమే ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది: సమాధానం

నమస్తే అండీ. కేంద్రం చేసే ఉద్యోగ, నిరుద్యోగ సర్వే పీఎల్ఎఫ్ఎస్ డేటాలో తెలంగాణలో వృత్తి శిక్షణ పొందినవాళ్లకే నిరుద్యోగ రేటు ఎక్కువ వస్తోందని, ఐటీఐలు పనిచేయడం లేదని నోట్ రాయొచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయకండి.

ముందు మల్టిప్లయర్ చూడండి, అంటే సర్వేలోని ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి లెక్కో చెప్పే సంఖ్య. 2023-24 వరకు ఉన్న వార్షిక ఫైళ్లలో ఎన్ఎస్ఎస్ (NSS), ఎన్ఎస్‌సీ (NSC) అనే రెండు కాలమ్‌ల విలువలు సమానమైతే మల్టిప్లయర్‌ను 100తో, కాకపోతే 200తో, ఆ తర్వాత క్వార్టర్ల సంఖ్యతో భాగించాలి. ఇది తప్పితే మొత్తం లెక్కలు తలకిందులవుతాయి.

అసలు చిక్కు పోలికలో ఉంది. శిక్షణ ప్రశ్నలో ఐటీఐ లాంటి ఫార్మల్ శిక్షణతో పాటు వంశపారంపర్యంగా, పనిలో చేరి, సొంతంగా నేర్చుకున్నదీ ఉంటుంది. తండ్రి మగ్గం మీద నేర్చుకున్నవారు ఎప్పటినుంచో పనిలోనే ఉంటారు కాబట్టి వాళ్లని వేరు చేయాలి. ఫార్మల్ శిక్షణ పొందినవాళ్లలో కుర్రవాళ్లు, చదువుకున్నవాళ్లు ఎక్కువ. ఆ వయసులో ఎవరికైనా నిరుద్యోగం ఎక్కువే. అందుకని 15-29 ఏళ్లలో, ఒకే చదువు స్థాయిలో, ఆడ మగ విడిగా పోల్చండి. నిరుద్యోగ రేటు హారంలో యూజువల్ స్టేటస్ (ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారన్న స్థితి) కోడ్‌లు 11 నుంచి 81 వరకే, అంటే పనిలో ఉన్నవాళ్లు, నిరుద్యోగులే ఉండాలి, చదువుకుంటున్నవాళ్ల కోడ్ 91 రాకూడదు.

ఇలా విడదీస్తే ఒక్కో గడిలో మనుషులు చాలా తగ్గిపోతారు. మల్టిప్లయర్ వేయని సంఖ్యను, అంటే సర్వేలో నిజంగా ఉన్న మనుషుల సంఖ్యను పక్కనే చూపండి. మరీ తక్కువైతే మూడేళ్ల ఫైళ్లు కలిపి, మల్టిప్లయర్‌ను 3తో భాగించండి.

ఇంత చేసినా ఐటీఐ ఫలితం ఇందులో తేలదు, ఎందుకంటే ఫార్మల్ శిక్షణ అంటే ఐటీఐ ఒక్కటే కాదు. దానికి ట్రేడ్‌వారీగా పాసైనవాళ్లను అడిగే ట్రేసర్ సర్వే కావాలి.