స్పిరిచువల్స్ మనలాంటి వాళ్ళం ఆరాధనలో పాడొచ్చా? పాడితే ఎలా పాడాలి?

వందనాలండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు వెళ్ళే డాలస్ చర్చిలో ఫిబ్రవరి చివరి ఆదివారం ఆఫ్రికన్ వారసత్వ ఆరాధన పెడుతున్నారనీ, క్వయర్‌లో మీతో కలిపి ముగ్గురు తెలుగువాళ్ళున్నారనీ, స్పిరిచువల్స్, అంటే అమెరికాలో బానిసలుగా ఉన్న నల్లజాతి వాళ్ళు కట్టుకున్న భక్తి పాటలు, నాలుగు నేర్చుకోమన్నారనీ రాశారు. "వాళ్ళ బాధ మనం పడలేదు కదా, మనం పాడితే నటించినట్టు ఉండదా? తెలుగులో పాడితే తప్పా?" అని అడిగారు.

పాడండి. కానీ అవి ఎవరి పాటలో చెప్పి పాడండి. నేను నాష్‌విల్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నాను. అందులో 9 ఏళ్ళుగా నల్లజాతి కుటుంబాలే ఎక్కువగా ఉన్న ఒక బాప్టిస్టు సంఘం క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది స్వరం, పాడుతున్నాను. ఈ పాటల గురించి నాకు తెలిసింది చాలావరకు అక్కడ నేర్చుకున్నదే.

అంతకుముందు రెండేళ్ళు వేరే చర్చికి వెళ్ళేదాన్ని. అక్కడ కూడా ఫిబ్రవరిలో ఇలాంటి ఆదివారమే ఒకటి పెట్టారు. మా క్వయర్‌లో నల్లజాతి వాళ్ళు ఒక్కరూ లేరు. రథమా, నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి దిగిరా అనే ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ పాటని జోరుగా, చప్పట్లు కొడుతూ, అటూ ఇటూ ఊగుతూ పాడేశాం. ‘ద’ అనాల్సిన చోట ‘డ’ అనీ, ‘దిస్’ని ‘డిస్’ అనీ కావాలని ఒత్తి పలికాం. సంఘం నవ్వింది, మెచ్చుకుంది. ఆ రోజు ఎవరితోనో కలిసి వచ్చిన ఒక నల్లజాతి పెద్దాయన మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకునే కూర్చున్నారు. ఆరాధన అయ్యాక దగ్గరికెళ్ళి పలకరించాను. "మా అమ్మమ్మ ప్రాణం పోయేటప్పుడు మంచం చుట్టూ నిలబడి పాడిన పాటమ్మా అది" అన్నారు. కోప్పడలేదు, ఇంకో మాట అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడున్న సంఘంలో చేరినప్పుడు మొదటి రిహార్సల్ నాడే ఒక పెద్దావిడ నా చేతిలోని కాగితం తీసి పక్కన పెట్టారు. సంఘంలో పెద్దావిళ్ళని అక్కడ ‘మదర్’ అని పిలుస్తారు, ఆమెను నేనూ అలాగే పిలుస్తాను. "ముందు విను" అన్నారు. ఆమె ఒక చరణం పాడడం, నేను అందుకోవడం. మా నాయనమ్మ దగ్గర నేను కీర్తనలు నేర్చుకున్నదీ ఇలాగే. నాయనమ్మకి చదువు రాదు. ఒకరు చెప్పగా పదిమంది వంత పాడే పద్ధతి ఆమెకి తెలిసిన బడి. బానిసలుగా ఉన్నవాళ్ళ ఆరాధనలోనూ పాట అలాగే నడిచింది, చదవడం, రాయడం వాళ్ళకి దక్కనివ్వలేదు కాబట్టి. దక్షిణ కరోలినాలో 1740లో చేసిన చట్టం ప్రకారం బానిసకి రాత నేర్పిన వాళ్ళకి జరిమానా వేసేవారు.

అదే చట్టం డోళ్ళు కూడా వద్దంది. అంతకు ముందు ఏడాది స్టోనో నది దగ్గర తిరగబడిన బానిసలు డోలు మోగిస్తూ మనుషుల్ని కూడగట్టారు, ఆ భయం. డోలు పోయాక అది చేసే పని చేతులకీ కాళ్ళకీ వచ్చింది. జార్జియా, దక్షిణ కరోలినా సముద్రతీరంలో ఆ బానిసల వారసులైన గల్లా గీచీ వాళ్ళ ‘రింగ్ షౌట్’ అనే ఆరాధనలో ఇప్పటికీ ఇది కనిపిస్తుంది. ఒకాయన కర్రతో చెక్క నేలని దంచుతాడు, ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు జవాబు చెబుతూ గడియారం ముల్లు తిరిగే దిశకి ఎదురుగా గుండ్రంగా తిరుగుతారు. పాదాలు ఒకదాని మీదుగా ఒకటి దాటకూడదు, దాటితే అది నాట్యం కింద లెక్క, ఆరాధన కాదు. ఇది విన్నప్పుడు నాకు మా ఊరి డప్పు గుర్తొచ్చింది. మా ముత్తాతలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు డప్పుని చర్చి గడప బయటే వదిలేశారని నాయనమ్మ చెప్పేది. మా ఊరి చర్చిలో మళ్ళీ డప్పు మోగింది నా చిన్నప్పుడు ఒక క్రిస్మస్‌కి. ఆ రోజు ముసలివాళ్ళు కొందరు ఏడ్చారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మాది ప్రకాశం జిల్లాలో ఊరికి దూరంగా ఉన్న పల్లె. మావాళ్ళు పడినవి తక్కువేం కాదు. అయినా అంగట్లో నిలబెట్టి అమ్మడం, తల్లి చేతుల్లోంచి బిడ్డని తీసుకెళ్ళి ఇంకో రాష్ట్రంలో అమ్మడం మా కథలో లేవు. మదర్ దగ్గర ఒకసారి "మా కథా ఇలాంటిదే" అని మొదలుపెట్టాను. "నీ కథ నాకు చెప్పు, నా కథ పక్కన పెట్టి చెప్పు" అన్నారామె. అప్పటి నుంచి రెండింటినీ కలిపి ముద్ద చెయ్యడం మానేశాను. మీ ఆరాధనలో పరిచయ వాక్యాలు చెప్పాల్సి వస్తే ఈ తేడా గుర్తుంచుకోండి.

ఈ పాటల్ని బయటి వాళ్ళ ముందు పాడడానికి నల్లజాతి వాళ్ళే ఎంత తటపటాయించారో తెలిస్తే మీ సందేహానికి సగం జవాబు దొరుకుతుంది. మా ఇంటికి 20 నిమిషాల దూరంలో ఫిస్క్ యూనివర్సిటీ ఉంది. బానిసత్వం నుంచి బయటపడిన వాళ్ళ కోసం 1866లో పెట్టిన బడి అది. డబ్బులేక మూతపడే స్థితి వస్తే, ఖజానా చూసుకునే జార్జ్ వైట్ 9 మంది విద్యార్థులతో 1871 అక్టోబర్ 6న పాటల యాత్రకి బయల్దేరాడు. మొదట్లో కచేరీల్లో ఎక్కువగా పాడింది అప్పటి తెల్లవాళ్ళ పాటలే. స్పిరిచువల్స్ వాళ్ళకి అమ్మానాన్నల ప్రార్థనలు, పైగా బానిసత్వపు గుర్తులు. జట్టులో పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ తర్వాత రాసింది: కుర్చీలు చాలక నేల మీద కూర్చుని మెల్లగా ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నాం, జనం ముందు పాడతామని కలలో కూడా అనుకోలేదు అని. ఆ నవంబర్‌లో ఓబర్లిన్‌లో పాస్టర్ల సభలో ‘స్టీల్ అవే’ పాడారు. చడీచప్పుడు లేకుండా యేసు దగ్గరికి జారుకుందాం అనే పాట అది. యజమానికి తెలియకుండా రాత్రిపూట అడవిలో ప్రార్థన పెట్టుకున్నవాళ్ళ పాట. గొంతు బయటికి పోకుండా పెద్ద ఇనప కుండని తిరగేసి పెట్టుకునేవాళ్ళమని, అలా చేస్తే శబ్దం అందులోనే ఆగిపోతుందని నమ్మేవాళ్ళమని వాళ్ళలో చాలామంది చెప్పారు. అలాంటి పాటని వెలుతురులో, తెల్లవాళ్ళ ముందు పాడడానికి ఆ పిల్లలకి ఎంత గుండె కావాలి!

బానిసలకి విడుదల చాటే, లేవీయకాండం 25లోని సునాద సంవత్సరం పేరే వాళ్ళు పెట్టుకున్నారు, జూబిలీ సింగర్స్ అని. 1873లో విక్టోరియా రాణి ముందు పాడారు. పాటలతో వచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ 1876 నుంచి అక్కడే నిలబడి ఉంది. ఆ జట్టులోని ఫ్రెడరిక్ లౌడిన్ తర్వాత సొంతంగా నడిపిన బృందం మన దేశానికి కూడా వచ్చి పాడింది. ఇప్పటికీ ప్రతి అక్టోబర్ 6న ఇప్పటి విద్యార్థులు ఆ తొలి గాయకుల సమాధుల దగ్గరికి వెళ్ళి పాడతారు. ఒక ఏడాది నేనూ వెళ్ళాను. మైకు లేదు, వాద్యం లేదు.

ఫిస్క్ గ్రంథాలయంలో ఇంకోటి ఉంది. కరీబియన్ దీవుల్లోని బానిసల కోసం 1807లో లండన్‌లో అచ్చువేసిన బైబిలు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడిన భాగం తీసేశారు. అది తెలిశాక ‘గో డౌన్ మోజెస్’ని మామూలు సండేస్కూల్ పాటలా పాడలేకపోయాను. పుస్తకంలోంచి మోషేని తీసెయ్యగలిగారు, అమెరికాలో బానిసలుగా ఉన్నవాళ్ళ నోట్లోంచి తీసెయ్యలేకపోయారు.

మనం పాడొచ్చా అన్నదానికి నాకు ధైర్యం ఇచ్చిన సంగతి ఒకటుంది. 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీ గారిని కలవడానికి హోవార్డ్ థర్మన్ అనే నల్లజాతి పాస్టర్ గారు, ఆయన భార్య సూ బెయిలీ థర్మన్, మరొకరు వచ్చారు. అమెరికా నుంచి మన దేశం చూడడానికి వచ్చిన క్రైస్తవ బృందం అది. ఆ కలయికలో గాంధీ గారే ‘వర్ యూ దేర్’ పాడమని అడిగారు. నా ప్రభువుని సిలువ వేసినప్పుడు నువ్వక్కడ ఉన్నావా అనే పాట. మొత్తం మనుష్యజాతి అనుభవం ఆ పాటలో ఉందని ఆయనకి అనిపించింది. సూ బెయిలీ పాడారు. అంటే ఈ పాట మన నేల మీద, అడిగి పాడించుకుంటే మోగింది. అడగడంలో ఉన్న మర్యాదని నేను గట్టిగా పట్టుకున్నాను. మీ చర్చిలో నల్లజాతి కుటుంబాలుంటే ముందు వాళ్ళని అడగండి: ఈ పాట మీ ఇంట్లో ఎప్పుడు పాడేవారు, ఎలా పాడేవారు అని. ఒక్క ముసలమ్మ చెప్పినా చాలు, నాలుగు రిహార్సళ్ళ పెట్టు.

ఇక పాడే పద్ధతి. నాలుగు పాటలు ఎక్కువ, రెండు చేసుకోండి. ‘వర్ యూ దేర్’ మీ జాబితాలో ఉంటే దాన్ని ఫిబ్రవరి నుంచి తీసి శుభ శుక్రవారానికి దాచమని పాస్టర్ గారికి చెప్పండి. ఆ పాట చోటు అదే. ‘బామ్ ఇన్ గిలియడ్’ ఉంటే రోగుల కోసం ప్రార్థించే చోట పెట్టమనండి. దాని మూలం మన బైబిల్లో యిర్మీయా 8:22: "గిలాదులో గుగ్గిలము ఏమియు లేదా?" ప్రవక్త అడిగి వదిలేశాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది బానిసలు: ఉంది, గిలాదులో గుగ్గిలం ఉంది, గాయపడినవాళ్ళని అది బాగుచేస్తుంది అని. కొరడా దెబ్బలు తిన్న ఒళ్ళుతో ఆ మాట అన్నారు. ఆ వచనం తెలుగులో చదివి, ఆగి, పాట అందుకుంటే వేరే వివరణ అక్కర్లేదు.

వాళ్ళ యాసని అనుకరించకండి. హ్యారీ బర్లీ అనే నల్లజాతి సంగీతజ్ఞుడు న్యూయార్క్ సెయింట్ జార్జ్ చర్చిలో 1894 నుంచి 52 ఏళ్ళు పాడారు. బానిసత్వంలోంచి డబ్బు కట్టి బయటపడిన తాత దగ్గర ఈ పాటలు నేర్చుకుని, స్వరాలు కూర్చి అచ్చువేశారు. ఒళ్ళు ఊపుతూ, చప్పట్లు కొడుతూ, గొంతు వంకర్లు తిప్పుతూ నల్లవాళ్ళని అనుకరించి నవ్వించాలని చూస్తే పాట అర్థమే పోతుందని ఆయన 1917లోనే హెచ్చరించారు. మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరించే నాటకాలు ఆడిన కాలం అది. నేను పాత చర్చిలో చేసిన తప్పు అచ్చంగా ఆయన వద్దన్నదే. మీ మామూలు ఉచ్చారణతో పాడండి. చప్పట్లు కొట్టే పాటే అయితే, సంఘం కొడితేనే కొట్టండి. అప్పుడు కూడా నాలుగు దెబ్బల తాళంలో మన చెయ్యి ఒకటి, మూడు మీద పడుతుంది, వాళ్ళది రెండు, నాలుగు మీద. నాకు అది ఒంట్లోకి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. బస్సులో కూర్చుని మోకాలి మీద వేసుకునేదాన్ని.

ఫలానా పాట పారిపోయే బానిసలకి రహస్య సంకేతం అని వేదిక మీద కథలు చెప్పకండి. తను పారిపోయి వచ్చి, మళ్ళీ వెళ్ళి ఇతర బానిసల్ని తప్పించిన హ్యారియట్ టబ్‌మన్ పాటలతో సైగ చేసిందని ఆమె జీవితకథలో ఉంది. కానీ ఇప్పుడు ప్రతి పాటకీ ఒక కథ తగిలిస్తున్నారు. ప్రార్థన అనేది చాలదా?

ఆరాధన క్రమం కాగితం మీద పాట పక్కన ‘సంప్రదాయ గీతం’ అని రాసి వదిలెయ్యొద్దని మాత్రం పట్టుబట్టండి. ‘బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ల పాట’ అని రాయించండి, స్వరాలు కూర్చిన వాళ్ళ పేరుంటే అదీ. ‘స్వింగ్ లో’కి వాలెస్ విల్లిస్ పేరు చెబుతారు, చాక్టా అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్ళ దగ్గర బానిసగా ఉన్నాయన. మిగతా చాలావాటికి ఆ ఒక్క పేరు కూడా మిగల్లేదు. పాట పాడుకుంటున్నాం, కట్టినవాళ్ళకి రూపాయి ముట్టలేదు. అందుకే మసాచుసెట్స్‌లో బ్రూక్‌లైన్‌లోని యునైటెడ్ పారిష్ అనే సంఘం 2021 నుంచి, స్పిరిచువల్ పాడిన ఆదివారాల్లో రాయల్టీ పేరుతో కానుక పట్టి నల్లజాతి పిల్లలకి సంగీతం నేర్పే సంస్థకి ఇస్తోంది. మీ దగ్గర ఇది కుదురుతుందేమో అడిగి చూడండి.

తెలుగులో పాడడం తప్పు కాదు, కాకపోతే ముందు వాళ్ళ మాటల్లో ఒక చరణం పాడి తర్వాత మన మాటల్లోకి రండి. రెండేళ్ళ క్రితం శుభ శుక్రవారానికి మా తెలుగు ఫెలోషిప్ కోసం ‘వర్ యూ దేర్’ని "నా ప్రభుని సిలువ వేసిన నాడు నువ్వక్కడున్నావా" అని కట్టుకున్నాను. చివర మూడుసార్లు వచ్చే మాటకి ‘వణుకుతుంది’ తప్ప ఇంకేదీ కుదర్లేదు. ముందు ఫోన్‌లో నాయనమ్మకి వినిపించాను. మూడో చరణానికల్లా ఆమె వంత అందుకుంది. అయిపోయాక "ఎవరు రాశారే అమ్మాయ్ ఈ కీర్తన?" అంది. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా పాటలకి కర్త పేరుంటుంది కదా, పురుషోత్తమ చౌదరి గారి పేరు వినకుండా ఆమె ఆయన కీర్తన ఎత్తుకోదు. పేరు తెలియదని, ఎందుకు తెలియదో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళకి మన పాటలు తెలుసా?" అని అడిగింది.

ఆ ఆదివారం ఆ మాట మదర్‌కి చెప్పాను. "అయితే నేర్పు" అన్నారు. ఇప్పుడు మా క్వయర్ చౌదరి గారి కీర్తన ఒకటి నేర్చుకుంటోంది, కాగితం లేకుండా, నేను చెబితే వాళ్ళు అంటూ. పలకడం కష్టంగానే ఉంది. తాళం మాత్రం అందరూ రెండు, నాలుగు మీదే వేస్తున్నారు.