నరుకుడుకు ముందు మోటారు ఆపు

చిరంజీవికి,

ఫ్యాక్టరీ నుంచి చెరకు నరుకుడు పర్మిట్ వచ్చిందని, తూకం పెరుగుతుందని ఇంకో రెండు తడులు ఇస్తున్నానని రాశావు. ముందు మోటారు ఆపు, మిగతా సంగతులు ఆ తర్వాత.

డబ్బు టన్నుల లెక్కనే వస్తుంది కాబట్టి నీ ఆశ నాకు అర్థమైంది. కానీ పక్వానికొచ్చిన తోటకు నీళ్లు పెడితే చెరకు మళ్లీ పెరుగుదలకు దిగి, గడలో కూడబెట్టిన చక్కెరనే ఖర్చు చేస్తుంది. పైగా తడి మడిలోకి లారీ దిగితే చక్రాల కింద మోళ్లు నలిగి, వాటి నుంచి వచ్చే ఏడాది మళ్లీ లేవాల్సిన పంట, అదే కార్శి, అక్కడే పోతుంది. నరకడానికి కనీసం రెండు వారాల ముందే తడి ఆపాలి. నీ కింది మడి రేగడి, అది తేమను వదలదు, అక్కడ ఇంకొంచెం ముందే ఆపు.

నీళ్లు కావలసింది మొదట్లో. నాటిన నాలుగు నెలలు పిలకలు వేసే కాలం. మన వైపు అది సరిగ్గా ఎండలతోనే కలిసి వస్తుంది. అప్పుడు వారానికొక తడి తప్పకూడదు. అప్పుడేమో బోరు ఎత్తిపోతోందని పది, పన్నెండు రోజులు ఆగుతారు, చలికాలంలో మాత్రం పారిస్తూనే ఉంటారు. 2018 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటోస్టార్టర్ పెట్టి నిద్రపోవడం అలవాటైంది. డ్రిప్పు వేసుకో, ఉన్న నీళ్లు ఎండాకాలం దాకా సర్దుకుంటాయి. నాటగానే సాళ్లలో చెరకు ఆకు పరిస్తే తేమ నిలుస్తుంది, లేత పిలకలను తొలిచే పీకపురుగు కూడా తగ్గుతుంది. యూరియా 45, 90 రోజులకు వేసి ముగించు. ఆలస్యంగా వేస్తే ఆకు పచ్చగా కళ్లకు బాగుంటుంది, రసం పలచబడుతుంది.

తోట పండిందో లేదో చూడాలంటే గడను ఏటవాలుగా కోసి ఎండకు పట్టు. కోసిన చోట సన్నని మెరుపులు కనిపిస్తే పండినట్టే. రసంలో తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరు దొరికితే అడుగు కణుపునూ, పై కణుపునూ విడివిడిగా చూడు. రెండింటి బ్రిక్స్, అంటే అది చూపే తీపి అంకె, దగ్గరగా ఉంటే నరకొచ్చు. పై భాగంలో బాగా తక్కువుంటే ఇంకా ఆగాలి.

ఇక కత్తి. నరికేవాళ్లు నడుము వంచలేక జానెడు మోడు వదిలేస్తారు. గడలో చక్కెర ఎక్కువుండేది అడుగునే, అది మడిలోనే మిగిలిపోతుంది. నేలపైన మిగిలిన కణుపు కళ్ల (మొగ్గల) నుంచి లేచే పిలకలకు వేరు బలం ఉండదు, గాలివానకు పడిపోతాయి. మట్టి కాస్త పక్కకు తీసి నేల మట్టానికి నరకమని చెప్పు, కూలి కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వు. పైన మొవ్వులో పక్వం కాని కణుపులను కోసి పారేయాలి.

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక మన చెరకు దూరం పోతోంది. నరికిన గడ 24 గంటల్లో గానుగాడాలి, ఎండలో పడి ఉంటే బరువూ తగ్గుతుంది, చక్కెరా విరుగుతుంది. అందుకే లారీ ఖాయమైన రోజుకు ఎంత పడుతుందో అంతే నరికించు. మూడు మడులూ ఒకేసారి పడగొట్టి గట్టు మీద కూర్చోకు.

నరికాక ఆకు తగలబెట్టవద్దు, సాళ్లలోనే ఉంచు. ఎత్తుగా మిగిలిన మోళ్లను చెక్కించి, ఖాళీ చోట్ల మొలకలు నాటు. కార్శికి ఎరువు మొక్కతోట (కొత్తగా నాటిన తోట) కన్నా ముందుగా అందాలి. మోతాదు రుద్రూరు చెరకు పరిశోధన కేంద్రంలో అడిగి తెలుసుకో, దుకాణంవాడి మాట మీద వేయకు.

కింది మడి ఆరాక ఫోను చెయ్యి, వచ్చి చూస్తాను.

మీ పెద్దనాన్న