ఒక చేత్తో బ్యాంకు పరీక్ష దరఖాస్తు, ఇంకో చేత్తో ఐపీ కాగితాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. బీటెక్ అయ్యాక మూడేళ్లు ప్రైవేటు కంపెనీలో చేశాడు. నిరుడు ఉద్యోగం పోయింది. ఆరు నెలలు ఖాళీగా ఉండి, ఇప్పుడు 28 వేల జీతానికి వేరేచోట చేరాడు. పోయిన నెలలోనే మాకు తెలిసింది, వాడికి 11.4 లక్షల అప్పుందని. చదువు లోను 4.2 లక్షలు (దాంట్లో నేను కో-అప్లికెంట్‌ని), రెండు క్రెడిట్ కార్డులు 2.7 లక్షలు, పర్సనల్ లోన్ 2.3 లక్షలు, యాప్‌ల అప్పు 60 వేలు, తెలిసినవాళ్ల దగ్గర నోటు రాసి తెచ్చింది 1.6 లక్షలు. కొంత షేర్ మార్కెట్ ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పోయిందని ఒప్పుకున్నాడు. వాళ్ల తాతగారు వాడి పేరున రాసిన స్థలం ఒకటుంది, ఐదు లక్షలు చేస్తుంది. అది ముందు అమ్మాయి పేరుకు మార్చేసి, తర్వాత ఐపీ (దివాలా పిటిషన్) పెడితే అప్పులన్నీ పోతాయని బంధువొకాయన అంటున్నారు. కాగితాలు కూడా రాయించారు. వాడేమో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. ఐపీ పెడితే ఉద్యోగాలకు ఇబ్బందా? ఈ గొడవ మొదలయ్యాక గది దాటి బయటికి రావడం లేదు. – ఒక తండ్రి

జవాబు: మీ చివరి వాక్యంతో మొదలుపెడతాను. మిగతావి నాలుగు రోజులు ఆగినా కొంప మునగదు, ఇది మాత్రం ఆగదు. అప్పుల వాళ్ల ఫోన్లకు భయపడి గదిలో కూర్చున్న కుర్రాడితో ముందు మాట్లాడాల్సింది అప్పు గురించి కాదు. భోజనానికి పిలవండి, పక్కన కూర్చోండి. ‘చచ్చిపోతే బాగుండు’ లాంటి మాట ఒక్కసారి అతని నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు మీరైనా చేయొచ్చు, అతనితోనైనా చేయించొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఐపీ సంగతి. ఉద్యోగాలకు ఇబ్బందా అని అడిగారు. ఇబ్బందే. అయితే బ్యాంకు కొలువు విషయంలో అసలు అడ్డం ఐపీ కంటే ముందే పడి ఉంది. ఎస్‌బీఐ నోటిఫికేషన్లు చివరిదాకా చదివితే, అప్పులు గానీ క్రెడిట్ కార్డు బకాయిలు గానీ ఎగ్గొట్టి ఇంకా తీర్చనివారు నియామకానికి అర్హులు కారని రాసి ఉంటుంది. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ద్వారా మిగతా ప్రభుత్వ బ్యాంకుల్లో చేరేవారికి కూడా, చేరే నాటికి క్రెడిట్ హిస్టరీ సవ్యంగా ఉండాలనే షరతుంది. ఎంత క్రెడిట్ స్కోరు కావాలన్నది ఆయా బ్యాంకుల ఇష్టం. నోటిఫికేషన్లో ఈ పేరా వరకు వచ్చేసరికి అభ్యర్థులకు ఓపిక అయిపోతుంది, చదవరు. రాత పరీక్ష, ఇంటర్వ్యూ దాటి చేతిదాకా వచ్చిన ఉద్యోగం ఇక్కడ జారిపోతుంది.

అదే ఐబీపీఎస్ షరతులో మీకు పనికొచ్చే ముక్క కూడా ఒకటుంది. పాత బాకీ తీర్చేసినా, అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ సిబిల్‌లో ఇంకా అప్‌డేట్ కాకపోతే, బాకీ లేదని అప్పిచ్చిన సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ చూపించవచ్చు. అంటే అప్పు చేసిన వాళ్లందరికీ తలుపు మూసేయలేదు. తీర్చి, కాగితం తెచ్చుకున్న వాడికి దారి ఉంది. ఐపీ పెట్టినవాడి చేతికి ఆ కాగితం రాదు.

మీ బంధువు చెప్పినట్టు ఐపీ పెడితే అన్నీ పోతాయా? నేను వకీలును కాను. కానీ ఇలాంటి పిల్లలతో కూర్చుని కూర్చుని చట్టం చదవక తప్పలేదు. మన దగ్గర మామూలు మనుషుల దివాలాకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది. వ్యక్తులకు సంబంధించిన దాని భాగం 2019 డిసెంబరు 1 నుంచి, కంపెనీల అప్పులకు హామీ ఇచ్చినవారి వరకే అమలవుతోంది. మీ అబ్బాయిలాంటి వాళ్లకు అది ఇంకా వర్తించదు. పాత చట్టం ఎంత పాతదంటే, ఐపీ వేయడానికి ఉండాల్సిన కనీస అప్పు 500 రూపాయలు! ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే.

పిటిషన్ వేసినంత మాత్రాన ఫోన్లు ఆగవు. కోర్టు విచారించి దివాలాదారుగా ప్రకటించాక అతని ఆస్తి కోర్టు చేతికో, అది నియమించే రిసీవర్ చేతికో వెళుతుంది. ఆ తర్వాతే అప్పుల వాళ్లు కోర్టు అనుమతి లేకుండా దావా వేయలేరు. అక్కడితో అప్పులు పోయినట్టు కాదు. కోర్టు ఇచ్చిన గడువులోగా ‘డిశ్చార్జి’ కోసం మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. అది వస్తేనే విముక్తి. ఇదంతా ఏళ్ల తరబడి సాగడం మామూలే. ఈలోగా అతను కొత్తగా సంపాదించుకునే ఆస్తి కూడా అప్పుల వాళ్ల లెక్కలోకే పోతుంది. అరవై ఏళ్ల వ్యాపారి ఐపీ పెట్టడం వేరు. సంపాదనంతా ముందున్న 26 ఏళ్ల కుర్రాడు పెట్టడం వేరు. నన్నడిగితే మీ బంధువు చూడనిది ఇదే.

డిశ్చార్జి అడిగినప్పుడు జడ్జి చూసే విషయాల్లో రెండు మీ అబ్బాయికి గట్టిగా తగులుతాయి. ఆస్తి విలువ అప్పులో రూపాయికి 50 పైసలైనా లేకపోతే, అది తన తప్పు వల్ల కాదని రుజువు చేసుకోవాలి. లేకుంటే బేషరతుగా విడుదల ఇవ్వరు. ఐదు లక్షల స్థలాన్ని 11.4 లక్షల అప్పుతో భాగించి చూడండి, 44 పైసలు వస్తుంది. ఉద్యోగం పోయింది కదా అని చెప్పుకోవచ్చు. కానీ రెండో అంశం అక్కడే కాచుకుని ఉంది. దుస్సాహసమైన స్పెక్యులేషన్ వల్లో జూదం వల్లో దివాలా తీసినా బేషరతు విడుదల ఉండదని చట్టంలోనే రాసి ఉంది. ఆప్షన్స్ ట్రేడింగ్ స్టేట్‌మెంట్లు అవతలి వకీలు చేతిలో పడితే ఆయన వాదన దేనితో మొదలవుతుందో చెప్పక్కర్లేదు. ఈ ట్రేడింగ్‌లో మునిగింది మీ వాడొక్కడే కాదు లెండి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. తిట్టే ముందు ఆ అంకె ఒకసారి గుర్తు చేసుకోండి.

స్థలం అమ్మాయి పేరుకు మార్చే ఆలోచన ఈ పూటే మానుకోండి. డబ్బు తీసుకోకుండా రాసిచ్చిన ఆస్తి గురించి, ఆ తర్వాత రెండేళ్లలోపు ఐపీ వేస్తే, ఆ రాత చెల్లదని రిసీవర్ కొట్టేయించవచ్చు. అప్పుల వాళ్లకు దక్కకుండా ఆస్తిని తప్పించాడని తేలితే ఏడాది దాకా జైలుశిక్షకు కూడా అవకాశముంది. ఇప్పుడున్నది అప్పు మాత్రమే. దాన్ని నేరం దాకా తీసుకెళ్లకండి. పెళ్లి కావాల్సిన ఆడపిల్లను కోర్టు కాగితాల్లోకి లాగడం మరీ అన్యాయం.

ఇక మీ సంతకం. చదువు లోనులో మీరు కో-అప్లికెంట్. అబ్బాయి అప్పు నుంచి విడుదలైనా, అతనితో కలిసి సంతకం పెట్టినవారికి, ష్యూరిటీ ఉన్నవారికి విడుదల ఉండదు. బ్యాంకు నేరుగా మీ దగ్గరికే వస్తుంది. అంటే ఉన్న అప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఐపీతో పోదు, కొడుకు మీద నుంచి తండ్రి మీదికి జరుగుతుంది. మిగతా వాటిలో మీ సంతకం లేకపోతే మేజరైన కొడుకు అప్పుకు మీ జీతమూ మీ ఇల్లూ బాధ్యత కావు. రికవరీ వాళ్లు ఏమన్నా సరే, భయపడి కొత్తగా ఎక్కడా సంతకం పెట్టకండి.

బ్యాంకులు కాదని వేరే ఉద్యోగాలకు వెళ్తేనో అంటారా. గ్రూప్స్, ఎస్సెస్సీ లాంటి వాటికి సాధారణంగా సిబిల్ అడగరు. అయితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి మీద దివాలా కేసు పడితే వెంటనే పై అధికారికి తెలపాలని సర్వీసు ప్రవర్తనా నియమాల్లో ఉంది. విడుదల కాని దివాలాదారు కంపెనీ డైరెక్టరు కాలేడు, చార్టర్డ్ అకౌంటెంట్‌గా పేరు నమోదు చేసుకోలేడు, ఎమ్మెల్యే, ఎంపీ పదవులకూ అనర్హుడు. స్నేహితులతో కలిసి స్టార్టప్ పెడదామనుకునే వయసిది. డైరెక్టరు సంగతి మాత్రం అతనికి చెప్పండి.

మరేం చేయాలి? నేనైతే ఆ స్థలాన్ని దాచనివ్వను, బహిరంగంగా మార్కెట్ ధరకు అమ్మిస్తాను. ఐదు లక్షలు వస్తే కార్డులు, యాప్‌లు, నోట్లు కలిపి 4.9 లక్షలు. మూడూ తెగిపోతాయి. కార్డులు ముందు ఎందుకంటే, నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 2.7 లక్షల మీద ఒక్క నెలకే 9,450 రూపాయలు, పైన జీఎస్టీ. మినిమమ్ డ్యూ కడుతూ కూర్చుంటే 28 వేల జీతగాడు ఎప్పటికీ బయటపడడు. కార్డు బ్యాంకుతో వన్ టైమ్ సెటిల్‌మెంట్ మాట్లాడితే మొత్తం తగ్గుతుంది. కానీ సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని పడుతుంది. బ్యాంకు కొలువే కావాలనుకుంటే ఆ మాట పడకూడదు, పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవాలి. అక్కర్లేదనుకుంటే సెటిల్‌మెంటే లాభం. చూశారా, అప్పు ఎలా తీర్చాలన్నది కూడా ఏ ఉద్యోగం కావాలన్నదాన్ని బట్టే ఉంది.

మిగిలేవి చదువు లోను, పర్సనల్ లోన్. ఆ బ్యాంకులకు ఉద్యోగం పోయిన కాగితం, కొత్త ఆఫర్ లెటర్ జతచేసి, గడువు పెంచి కిస్తీ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. రెండూ కలిపి నెలకు 15 వేల దగ్గరకు వస్తే, ఇంట్లోనే ఉండే కుర్రాడు మోయగలడు. ఒక జాగ్రత్త: కొందరికి కట్టి కొందరిని వదిలి, మూడు నెలల్లోపు మళ్లీ ఐపీకి వెళ్తే ఆ చెల్లింపుల్ని కోర్టులో తిరగదోడవచ్చు. కాబట్టి ఈ దారి పట్టాక ఆ కాగితాలు పక్కన పెట్టేయాలి.

నోట్లు తీర్చేటప్పుడు నోటు కాగితం వెనక్కి తీసుకోండి. సగం కడితే నోటు మీద చెల్లు (కట్టినట్టు రాత) వేయించడం మామూలే గానీ, చెల్లు పడిన రోజు నుంచి దావా వేయడానికి మళ్లీ మూడేళ్ల గడువు మొదలవుతుందని తెలిసి వేయించండి. ఎవరికైనా ఖాళీ చెక్కులు ఇచ్చాడేమో అడగండి. చెక్ బౌన్సు కేసు ఐపీతో ఆగదు. యాప్‌ల విషయంలో అప్పిచ్చింది ఆర్‌బీఐ గుర్తింపున్న సంస్థేనా చూడండి. ఫోనులోని కాంటాక్టులు తీసి బంధువులకు మెసేజీలు పెడితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన. చేస్తే సమయం రాసి బ్యాంకుకు లిఖితపూర్వకంగా పంపండి. నెలలో జవాబు రాకపోతే, ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

దావా వేస్తే జీతమంతా పట్టుకుపోతారన్న భయం వద్దు. డిక్రీ (కోర్టు తీర్పు) వచ్చినా మొదటి వెయ్యి, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు ముట్టుకోకూడదు. 28 వేల మీద జప్తయ్యేది 9 వేలు. చేతిలో లేక కట్టలేని పేదవాణ్ని అప్పు కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. బ్యాంకులు లోక్ అదాలత్‌కు పిలిస్తే వెళ్లండి, అక్కడ తగ్గించి ఒప్పుకోవడం జరుగుతుంటుంది. న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.

ఐపీ అసలు పనికిరాదని నేననడం లేదు. స్థలం లేకపోయినా, జీతం లేకపోయినా, అప్పు ముప్పై లక్షలైనా నా జవాబు వేరేగా ఉండేది. అలాంటివాళ్లకు అది సిగ్గుపడాల్సిన పనీ కాదు, చట్టం ఇచ్చిన దారే.

ఈ ఆదివారం అబ్బాయి చేతనే సిబిల్ రిపోర్టు తీయించండి, ఏడాదికి ఒకసారి ఉచితం. మీకు చెప్పని అప్పు అందులో ఇంకొకటి కనిపించవచ్చు, అరవకండి. తర్వాత ఆ ఐపీ కాగితాలు రాసిన వకీలు గారి దగ్గరికి మీ బంధువును వదిలి అబ్బాయిని తీసుకెళ్లండి. ‘నాకు డిశ్చార్జి ఎన్నేళ్లకు వస్తుంది? ట్రేడింగ్ నష్టం గురించి కోర్టుకు ఏం చెబుతారు?’ ఈ రెండు ప్రశ్నలూ మీరు కాదు, అతను అడగాలి.