బౌలింగ్ ఆడితే బొటనవేలు తిమ్మిరెక్కుతోంది.. బాల్ బరువు తగ్గించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు, బరువు 65 కిలోలు. రోజంతా కంప్యూటర్ పనే. వారానికోసారి ఫ్రెండ్స్‌తో బౌలింగ్ (క్రికెట్‌ది కాదు, బరువైన బాల్ దొర్లించి పిన్‌లు పడగొట్టే ఆట) ఆడుతున్నా. ఒంటి బరువులో పదో వంతు ఉన్న బాల్ వాడాలని చెప్తే 14 పౌండ్లది పట్టుకున్నా. ఇప్పుడు మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నొప్పి, ఆడిన రాత్రి వేలు తిమ్మిరి. ఆట మానేయాలా?

జవాబు: పూర్తిగా మానక్కర్లేదండి, ప్రస్తుతానికి మాత్రం ఆపండి. ఆ పదో వంతు లెక్క ఉజ్జాయింపుగా చెప్పేదే, అందరికీ సరిపోదు. బాల్‌ని మోసేది మీ ఒంటి బరువు కాదు కదా, మణికట్టూ ముంజేయీ భుజమూ. 14 పౌండ్లంటే 6 కిలోల పైమాటే, దాన్ని మూడు వేళ్లకి తగిలించి ఊపుతున్నారు, అదీ రోజంతా మౌస్ పట్టుకుని అలిసిపోయిన చేత్తో.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు 10 లేదా 11 పౌండ్లది తీసుకోండి. చెయ్యి కిందికి వేలాడేసి, మోచెయ్యి వంచకుండా మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపి చూడండి, భుజం ఆ పక్కకి జారిపోతున్నా మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగుతున్నా అది కూడా మీకు ఎక్కువే. గేమ్ చివర్లో కూడా మొదట్లోలాగే వదలగలుగుతున్నారా అన్నదీ చూస్కోండి. అలాగని మరీ తేలికది వద్దు, ఊపుతో వెళ్లాల్సిన బాల్‌ని చేతి బలంతో విసరడం అలవాటైపోతుంది.

బరువు కంటే నాకు ఎక్కువ అనుమానం బాల్‌కి బొటనవేలు పెట్టడానికి ఉండే హోల్ మీద. లూజుగా ఉంటే బాల్ జారిపోతుందని గట్టిగా నొక్కి పట్టుకుంటారు, ఆ నొక్కుడంతా మణికట్టు దగ్గరున్న టెండన్ల (కండరాల్ని ఎముకలకి కలిపే తాళ్లలాంటివి) మీద పడుతుంది. టైటుగా ఉంటే దాని అంచు వేలి మొదట్లో ఉన్న నరాన్ని ఒత్తేస్తుంది, తిమ్మిరి ఎక్కువగా దానివల్లే, దీన్ని బౌలర్స్ థంబ్ అంటారు. వేలు హోల్ గోడలకి ఆనుతూనే, లాగగానే సులువుగా బయటికి రావాలి. తేలిక బాల్స్‌కి హోల్స్ కూడా చిన్నగా ఉంటాయి సాధారణంగా, కాబట్టి బాల్ మీద బరువు నంబర్ చూసి సరిపెట్టుకోకుండా వేలు పెట్టి చూసి తీసుకోండి.

ఇంట్లో ఒకటి చూడండి. బొటనవేలిని పిడికిలి లోపలికి మడిచి, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచండి. బొటనవేలి వైపు చురుక్కుమంటే టెండన్ల పొర వాచి ఉండొచ్చు. రెండు మూడు వారాలు రెస్ట్ ఇవ్వండి, గుడ్డలో చుట్టిన ఐస్ రోజుకి రెండు మూడుసార్లు పది నిమిషాలు పెట్టండి, బొటనవేలిని కదలనివ్వని స్ప్లింట్ దొరికితే వేసుకోండి. బరువులు ఎత్తేటప్పుడు, బాల్ తీసేటప్పుడు కూడా, రెండు చేతులూ వాడండి.

రెస్ట్ తీసుకున్నా తిమ్మిరి పోకపోయినా, వేలి మొదట్లో నొక్కితే జివ్వుమనే గడ్డ తగిలినా, చొక్కా బటన్ పెట్టుకోవడానికి పట్టు చాలకపోయినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. నరం మీద ఒత్తిడిని నెలల తరబడి వదిలేస్తే స్పర్శ పూర్తిగా తిరిగి రావడం కష్టమవుతుంది, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నా.