‘సజెస్ట్ మి’ అనవచ్చునా?

ప్రశ్న: ‘ప్లీజ్ సజెస్ట్ మి ఎ గుడ్ డిక్షనరీ’ అని రాస్తే మా అధ్యాపకురాలు తప్పన్నారు. ‘గివ్ మి’, ‘షో మి’ ఒప్పయినప్పుడు ఇదెందుకు తప్పు?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ అధ్యాపకురాలు చెప్పింది సరైనదే. ‘నాకు మంచి నిఘంటువు సూచించండి’ అనే తెలుగు వాక్యం మనసులో మెదులుతుండగా రాయడం వల్ల ఈ పొరపాటు మన రాతల్లో తరచు దొర్లుతుంది. గివ్, షో, సెండ్, టెల్ వంటి క్రియల వెంటనే ఎవరికన్నది చెప్పవచ్చు గాని, సజెస్ట్, ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్ క్రియలకు ప్రామాణికమైన ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. సూచించే వస్తువును ముందు చెప్పి, వ్యక్తిని ‘టు’తో చేర్చాలి. అడుగుతున్నది మీరేనని తెలుస్తూనే ఉంటుంది కనుక ‘కుడ్ యు సజెస్ట్ ఎ గుడ్ డిక్షనరీ?’ అంటే చాలు, వినడానికీ మర్యాదగా ఉంటుంది.

ఇంతకన్నా ఎక్కువగా తడబడేది మరొకచోట. ‘డాక్టర్ సజెస్టెడ్ హిమ్ టు టేక్ రెస్ట్’ అనేది మన దగ్గర బాగా పాతుకుపోయిన తప్పు. ‘ది డాక్టర్ సజెస్టెడ్ దట్ హి టేక్ రెస్ట్’ అనాలి; బ్రిటిష్ వాడుకలో ‘షుడ్ టేక్’ అనీ అంటారు. ‘టు’ తప్పనిసరిగా వాడాలనిపిస్తే ‘అడ్వైజ్డ్ హిమ్ టు టేక్ రెస్ట్’ అని క్రియనే మార్చుకోండి.