నత్తల మీద పరిశోధన చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, బైపీసీ. మొదటి నుంచీ నీట్ అనుకున్నాం. వాళ్ల కాలేజీకి ఒక పరిణామ జీవశాస్త్రవేత్త వచ్చి నేల నత్తల గురించి, వాటిని గుర్తుపట్టి జాతులుగా వర్గీకరించే పని గురించి మాట్లాడారట. అప్పటి నుంచి ఎంబీబీఎస్ వద్దు, అదే చదువుతానంటోంది. పెరుగు డబ్బా నిండా నత్తగుల్లలు పోగేసింది. ఏది ఎక్కడ దొరికిందంటే కొన్నిటికే చెప్పగలుగుతోంది. వాళ్ల నాన్నకు ఒకటే కోపం. నత్తలతో ఏం బతుకుతుందండీ?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆయన కోపంలో తప్పు పట్టాల్సిందేమీ లేదు. రెండేళ్లు కోచింగ్ ఫీజులు కట్టిన తండ్రికి ఆ మాట వినగానే కాళ్ల కింద నేల కదిలినట్టే ఉంటుంది. అయినా జవాబు చెప్పే ముందు మీ ఇద్దరితో ఒక పని చేయించాలని ఉంది. ఆ డబ్బాలోంచి ఒక గుల్లను తీసి, మొన పైకి, నోరు మీకు ఎదురుగా ఉండేలా పట్టుకోండి. నోరు మీ కుడిచేతి వైపు ఉంటే అది కుడిచుట్టు గుల్ల. ప్రపంచంలో ఎక్కువ జాతులవి అలాంటివే. ఎడమచుట్టువి తక్కువ. పడమటి కనుమల్లో దొరికే అరియోఫాంటా ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) అవి ఉన్నాయి.

ఈ చిన్న తేడా వెనక ఎంత కథ ఉందో చూడండి. జపాన్ దక్షిణాన ఇషిగాకి, ఇరియొమోటె దీవుల్లో నత్తల్నే తిని బతికే ఒక పాముంది. దాని కింది దవడలో ఎడమ వైపు కంటే కుడి వైపు పళ్లు ఎక్కువ. కుడిచుట్టు గుల్లలోంచి నత్తను లాగడానికి సరిపోయేలా ఆ దవడ తయారైంది. ఎడమచుట్టు నత్త ఎదురైతే దాని పట్టు జారిపోతుంది. అందుకే ఆ పాములున్న చోట ఎడమచుట్టు నత్తలు నిలదొక్కుకున్నాయి. ఎదురు చుట్టున్న రెండు నత్తలు జతకట్టడం కష్టం. దాంతో కొన్నాళ్లకు అవి వేరే జాతిగా విడిపోగలవు. పైగా పిల్ల నత్త గుల్ల ఎటు తిరగాలో దాని తల్లి జన్యువులే తేలుస్తాయి. కొత్త జాతి ఎలా పుడుతుందన్న ప్రశ్నను అరచేతిలో పెట్టుకుని చూపించగల ప్రాణి నత్త. అది ఎక్కువ దూరం వెళ్లగలిగేది కాదు కాబట్టి ఒక కొండ మీది నత్తకూ పక్క కొండ మీది నత్తకూ సంబంధం తెగిపోవడం తేలిక. మీ అమ్మాయి మనసు పడింది ఇక్కడే అనుకుంటున్నాను.

ఇక పేర్లు పెట్టడం. వినడానికి తేలిక పనిలా ఉంటుంది గానీ, పైకి ఒకేలా కనిపించే రెండు గుల్లలు రెండు జాతులవి కావచ్చు. రంగులు వేరైన పది గుల్లలు ఒకే జాతివి కావచ్చు. తేల్చాలంటే మైక్రోస్కోప్ కింద నత్తను కోసి జననాంగాల తీరు చూడాలి, నాలుక మీది పళ్ల వరసలు చూడాలి, డీఎన్ఏ చదవాలి. మన దేశంలో వెయ్యికి పైగా నేల నత్త జాతులు నమోదయ్యాయి. వాటిని గుర్తుపట్టడానికి ఇప్పటికీ 1908, 1914, 1921లలో అచ్చయిన సంపుటాలు తిరగేయాల్సి వస్తోంది. నూరేళ్ల నాటి పని కొత్త చేతుల కోసం ఎదురుచూస్తోందమ్మా. ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి.

దీనివల్ల ఎవరికి ఉపయోగం అని ఆయన అడుగుతారు. వానాకాలంలో బొప్పాయి మొక్కల్ని నమిలేసే పిడికెడంత నత్తను చూసే ఉంటారు. దాని పేరు ఆఫ్రికా రాక్షస నత్త. 1847లో బెన్సన్ అనే బ్రిటిష్ అధికారి మారిషస్ నుంచి తెచ్చి కలకత్తా తోటల్లో వదిలాడు. హవాయి దీవుల్లో ఇదే నత్త బెడద తీర్చడానికి 1955లో నత్తల్ని తినే మరో నత్తను దింపారు. అది వెళ్లి అక్కడి స్థానిక నత్తల మీద పడింది. వాటిలో ఒక జాతికి చెందిన ఆఖరి నత్త, జార్జ్ అని పిలుచుకున్నది, 2019 జనవరి 1న చనిపోయింది. ఏది మన నత్త, ఏది చొరబడ్డది, ఏది దేన్ని తింటుంది అన్నవి తెలిసిన మనిషి పక్కన లేకపోతే జరిగేది ఇదే.

ఇప్పుడు దారి. కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలైన ఐఐఎస్ఈఆర్‌లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. మనకు దగ్గరది తిరుపతి. దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇప్పుడున్న పద్ధతిలో 60 ప్రశ్నల్లో 15 గణితానివి. బైపీసీ పిల్లలు జారేది అక్కడే. ఆసక్తి నిజమైతే ఇవాళ్టి నుంచే రోజుకో గంట లెక్కలు పట్టమనండి. రేపు పరిశోధనలో గణాంకాలు లేకుండా పూట గడవదు, కాబట్టి ఆ కష్టం వృథా కాదు. సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాసి గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి ప్రయత్నించవచ్చు. ఏదీ కుదరకపోతే తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు జరిగే దోస్త్‌లో జువాలజీ ఉన్న బీఎస్సీ, తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ. ఈ దారిలో వెళ్లి మంచి పరిశోధకులైన వాళ్లు చాలామంది ఉన్నారు, చిన్నచూపు వద్దు.

ఆ తర్వాత నెట్ అనే జాతీయ పరీక్ష‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 ఫెలోషిప్. హెచ్‌ఆర్‌ఏ అదనం. పీహెచ్‌డీ అయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు దాటతాయి. స్నేహితురాళ్లు సంపాదిస్తున్న రోజుల్లో తను కొండల్లో ఆకుచెత్త జల్లెడ పడుతూ ఉంటుంది. పెళ్లి మాటతో ఆ మధ్యలో తొందరపెట్టకూడదని మీరిద్దరూ ముందే అనుకోవాలి. నాకు ఫీజుల కంటే ఇదే పెద్ద విషయంగా కనిపిస్తోంది.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. అచ్చంగా వర్గీకరణ శాస్త్రానికే ఉండే పోస్టులు తక్కువ. దేశంలోని జంతువుల్ని నమోదు చేసే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, యూనివర్సిటీలు, పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఎమ్మెస్సీతోనే జూనియర్ లెక్చరర్ పరీక్ష రాయొచ్చు. దిగుమతి సరుకుతో వచ్చే పురుగుల్నీ నత్తల్నీ ఆపే ప్లాంట్ క్వారంటైన్ పని ఉంది, రాజేంద్రనగర్‌లోని ఎన్ఐపీహెచ్ఎం అనే మొక్కల ఆరోగ్య సంస్థ ఆ విద్యలో శిక్షణ ఇస్తుంది. డీఎన్ఏ పని చేతికొస్తే నత్తల దగ్గరే ఆగిపోవాల్సిన అవసరమూ లేదు.

నా సలహా అడిగారు కాబట్టి: ఈ ఏడు నీట్ రాయనివ్వండి, చదివిన చదువు ఐఏటీకి కూడా పనికొస్తుంది. ఇష్టం లేని పిల్లను మళ్లీ నీట్ కోసం ఏడాది లాంగ్ టర్మ్‌లో మాత్రం కూర్చోబెట్టకండి. మీకు పక్కనే హబ్సిగూడలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది, ఓపెన్ డే పెట్టినప్పుడు ముగ్గురూ వెళ్లండి. నాన్నగారు ల్యాబ్‌ను కళ్లారా చూడటం ముఖ్యం. అత్తాపూర్‌లో జువలాజికల్ సర్వే వాళ్ల మంచినీటి జీవుల కేంద్రం ఉంది. అనుమతి అడుగుతూ అమ్మాయి చేతే ఉత్తరం రాయించండి.

ఒక జాగ్రత్త. ఆఫ్రికా నత్తను వట్టి చేతులతో ముట్టుకోకూడదు. మెదడు పొరల వాపు తెచ్చే ఒక రకం నులిపురుగు దానిలో ఉండొచ్చు. ముట్టుకుంటే సబ్బుతో కడుక్కోవాలి. కేబీఆర్ లాంటి నేషనల్ పార్కుల్లోంచి ఖాళీ గుల్ల కూడా తేవద్దు, చట్టం ఒప్పుకోదు. కాలనీ గోడలు, పూలకుండీలు, ఇంటి వెనక తడి మూలలు చాలు.

గుల్లలు ఎక్కడివో కొన్నిటికే చెప్పగలుగుతోందన్నారు. చోటు, తేదీ తెలియని గుల్ల ఈ శాస్త్రంలో దాదాపు దేనికీ కొరగాదు. గుర్తున్నవాటికి ఇవాళే చీటీలు రాయించండి, పెన్సిల్‌తో, తడి తగిలినా చెరగదు. గుర్తులేనివాటిని వేరే డబ్బాలో వేయమనండి.